ఆ 15 ఎక్కడికి పోతోంది?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. పెద్దవాడికి పద్నాలుగేళ్లు, చిన్నదానికి పదేళ్లు. మా అత్తగారు మాతోనే ఉంటారు. జీతాలు ఎంతో రాయలేను గానీ, ఇద్దరివీ కలిపి నెలకి 100 అనుకుంటే లెక్క ఇదీ: ఇంటి లోను 33, బండి వాయిదా 9, సరుకులు 20, అత్తగారి మందులు 6, కరెంటు, నీళ్లు, ఫోన్లు, ఇంటర్నెట్ అన్నీ కలిపి 7, రాకపోకలు 6, చిన్నదాని ట్యూషన్ 4. మొత్తం 85. అంటే 15 మిగలాలి. కానీ 20వ తేదీకల్లా ఖాతాలో ఏమీ ఉండదు. అక్కణ్నించి క్రెడిట్ కార్డే. ఏడాదిలో కార్డు బాకీ 60 అయింది. వడ్డీ నెలకి 3 శాతం. బిల్లులో 5 శాతం మినిమం కడుతూ వస్తున్నాం. అత్యవసరానికని 70 డిపాజిట్‌లో ఉంచాం, దాన్ని ముట్టుకోవడం లేదు. ఇంటి లోను 20 ఏళ్లకి, 9 శాతం వడ్డీ, కట్టడం మొదలుపెట్టి మూడేళ్లయింది. బండి లోను ఇంకో 7 నెలల్లో తీరుతుంది. తీరగానే పెద్ద బండి తీసుకుందామని మా వారు అంటున్నారు. ఇల్లు నడిపేది నేనే కాబట్టి "ఆ 15 ఏం చేస్తున్నావు?" అని అడుగుతారు, ఒక్కోసారి పిల్లల ముందే. నా దగ్గర జవాబు ఉండదు. నా కోసం నేనేమీ కొనుక్కోవడం లేదు. సరుకుల్లో తగ్గించీ తగ్గించీ విసిగిపోయాను. ఈమధ్య ఏదీ గుర్తుండటం లేదు, బుర్ర పనిచేయడం మానేసినట్టుంది. మాలాంటి జీతాలే ఉన్నవాళ్లు ఊళ్లు కూడా తిరిగొస్తున్నారు, వాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? గత ఏడాది తగిలిన పెద్ద ఖర్చులు కాగితం వెనక రాశాను.
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీరు కాగితం ముందువైపు రాసింది ఒకసారి, వెనకవైపు రాసింది నాలుగుసార్లు చదివాను. మీ ప్రశ్నకి జవాబు వెనకవైపే ఉంది. మీరే రాశారు, కూడటం ఒక్కటే చేయలేదు.

అవన్నీ నేను కూడి చూశాను. గత ఏడాది పిల్లలిద్దరి స్కూలు ఫీజులు 96. ఆరోగ్యానికి, ప్రాణానికి, బండికి కట్టిన ఇన్సూరెన్సులు 34. బండి సర్వీసింగు, టైర్లు 18. ఇంటి పన్ను, మరమ్మతులు 14. బట్టలు 18. బంధువుల పెళ్లిళ్లు, కానుకలు, వాటి కోసం చేసిన ప్రయాణాలు 36. పాడైన వాషింగ్ మెషీన్, పగిలిన ఫోను 18. మొత్తం 234. దాన్ని 12తో భాగిస్తే నెలకి 19.5.

ఇప్పుడు మీ 85కి ఈ 19.5 కలపండి. 104.5. వస్తున్నది 100.

ఆ 15 ఎక్కడికీ పోలేదమ్మా. మీరు దాన్ని ఎక్కడా పారబోయలేదు. అసలది మిగులే కాదు. ఫీజులకి, టైర్లకి, పెళ్లి కానుకలకి ముందే రాసిపెట్టి ఉన్న డబ్బు. అది సరిపోక నెలకి ఇంకో నాలుగున్నర చొప్పున, ఏడాదికి 54 తక్కువ పడింది. కార్డు మీద ఇవాళ ఉన్న 60 అదే, వడ్డీతో కలిపి. లెక్క ఇంత చక్కగా అతికిందంటే మీరు ఇల్లు ఎంత ఒళ్లు దగ్గరపెట్టుకుని నడుపుతున్నారో తెలుస్తూనే ఉంది. దుబారా ఉన్న ఇంట్లో లెక్క ఇలా కుదరదు.

ఈ ఉత్తరం మీ వారికి చూపిస్తారో లేదో నాకు తెలియదు. ఈ పై మూడు పేరాలు మాత్రం చూపించండి. "ఏం చేస్తున్నావు?" అనే ప్రశ్న పిల్లల ముందు ఒక మనిషిని దొంగని చేసి నిలబెడుతుంది. ఆయన ఉద్దేశం అది కాకపోవచ్చు. ఆయనకీ భయంగానే ఉండి ఉంటుంది, ఆ భయమే ప్రశ్నలా బయటికొస్తోంది. అయినా అది ఆగాలి, ఈ నెల నుంచే ఆగాలి.

మధ్యతరగతి ఇళ్లలో నేను మళ్లీ మళ్లీ చూసేది ఈ పొరపాటే. జీతం నెలకోసారి వస్తుంది కాబట్టి ఖర్చుల్ని కూడా నెలతోనే కొలుస్తాం. ఖర్చులకి మన నెలతో పనిలేదు. కొన్ని మూడు నెలలకోసారి వస్తాయి, కొన్ని ఏడాదికోసారి, ఫ్రిజ్ లాంటివి పదేళ్లకోసారి. వచ్చిన ప్రతిసారీ "ఈ నెల కాస్త వేరే ఖర్చు తగిలింది" అనుకుంటాం. మీ ఇంట్లో కిందటేడు ఆ మాట అనుకోని నెల ఒక్కటైనా ఉందేమో గుర్తు చేసుకోండి. ప్రతి నెలా ఏదో ఒకటి తగులుతూనే ఉన్నప్పుడు అది వేరే ఖర్చు కాదు, మామూలు ఖర్చే. ఎలా నెట్టుకొస్తున్నారని మీరు అడిగిన వాళ్లలో నిజంగా నెట్టుకొస్తున్నవాళ్లు చేసేది ఇదే: ఏడాది ఖర్చుని పన్నెండు ముక్కలు చేసి, జీతం వచ్చిన రోజే ఒక ముక్క పక్కన పెడతారు.

మా అమ్మ ఈ పని కవర్లతో చేసేది. ఇంటికొచ్చిన ఉత్తరాల కవర్లని జాగ్రత్తగా అంచుల దగ్గర విప్పి, లోపలివైపు బయటికి వచ్చేలా తిరగేసి మళ్లీ అతికించేది. వాటి మీద పెన్సిల్‌తో "బడి", "బట్టలు", "డాక్టరు", "పెళ్లిళ్లు" అని రాసేది. నాన్న జీతం తెచ్చిన సాయంత్రం తలుపు దగ్గరగా వేసి, కవర్లన్నీ మంచం మీద వరసగా పరిచి పంచేది. ఒక కవర్లోంచి ఇంకో దానికి తీయాల్సి వస్తే ఊరికే తీసేది కాదు. చిన్న చీటీ మీద "బడికి బాకీ" అని, ఎంతో రాసి, తీసిన కవర్లో పెట్టేది. ఆ చీటీ ఉన్నన్నాళ్లూ ఆవిడకి మనశ్శాంతి ఉండేది కాదు. బాకీ తీరిన రోజు దాన్ని నా చేత చింపించేది. ఆ కాగితం చిరిగిన చప్పుడు నాకింకా గుర్తుంది. డబ్బుకి మనుషులు మనసులో ఇలా వేరువేరు ఖాతాలు ఎలా తెరుస్తారో రిచర్డ్ థేలర్ అనే ఆర్థికశాస్త్రవేత్త పరిశోధించారు. ఆయనకి 2017లో నోబెల్ వచ్చింది. మా అమ్మ కవర్ల మీద రాసుకున్నది సరిగ్గా అదే.

మీకు కవర్లు అక్కర్లేదు. రెండో బ్యాంకు ఖాతా ఒకటి చాలు, దానికి కార్డు ఉండకూడదు, ఫోన్లో చెల్లింపుల యాప్‌తో కలపకూడదు. జీతం పడిన మర్నాడు ఆ నెల ముక్క తనంతట తానే అందులోకి వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. ఒక పుస్తకంలో ఏ ఖర్చుకి ఎంత చేరిందో రాసుకోండి. ఫీజు కట్టాల్సిన రోజు అందులోంచే తీస్తారు. అప్పుడిక నెల ఖాతాలో ఉన్నదంతా నిజంగా ఆ నెలదే. 20వ తేదీన ఖాతా తెరిచి చూసినా టెన్షన్ ఉండదు.

నాలుగున్నర లోటు మాటేమిటంటారా? చెబుతాను. సరుకుల 20 జోలికి మాత్రం వెళ్లకండి. 1857లో ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త కుటుంబాల ఖర్చుల పట్టీలు పరిశీలించి ఒక విషయం చెప్పారు: ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుంది. మీ ఇంట్లో అది ఐదో వంతే. ఐదుగురు తినే ఇంట్లో అందులో ఇంకెంత గీరినా వచ్చేది ఒకటో అరో, పోయేది మీ ఓపిక, పిల్లల తిండి. ఇంట్లో బరువంతా ఆడవాళ్ల మీద ఉన్నప్పుడు వంటింట్లోనే కోత పడుతుంది, ఎందుకంటే వాళ్ల చేతిలో ఉన్నది అదొక్కటే. లోటు ఉన్నది అక్కడ కాదు.

మందుల్లోనూ కోయకండి. అవే మందులు జనరిక్‌లో దొరుకుతాయేమో డాక్టర్ని అడగండి, అంతే. ఇన్సూరెన్సు ఆపాలని కూడా అనిపిస్తుంది, 34 అంటే మాటలు కాదు మరి. ఆపొద్దు. ఒక్కసారి ఆసుపత్రి పాలైతే ఈ లెక్కలేవీ నిలబడవు.

తగ్గించదగ్గవి నాకు నాలుగు కనిపించాయి. మొదటిది పెళ్లిళ్లు, ప్రయాణాలు. ఏడాదికి 36ని 20 చేయండి. ఇది అన్నిటికంటే కష్టమైన కోత అని తెలుసు, ఎందుకంటే ఇక్కడ ఖర్చు పెట్టేది డబ్బు అయినా కోసుకునేది మొహమాటం. అందరూ వెళ్లాల్సిన చోటికి ఒక్కరు వెళ్లి రండి. కానుక ఇంతని ఏడాది మొదట్లోనే అనుకుని, ఎవరికైనా అంతే ఇవ్వండి. ఇద్దరు ముగ్గురు నొచ్చుకుంటారు, నిజమే. మీ బాకీ వాళ్లు తీర్చరు. తర్వాత బట్టలు, 18ని 10 చేయొచ్చు. ఫోన్లు, ఇంటర్నెట్ ఉన్న పద్దులో నెలకి ఒకటి, రాకపోకల్లో ఒకటి తగ్గించండి. చూడని వినోదం యాప్‌లకి నెలనెలా డబ్బు కట్టుకుంటూ పోతుంటాం, వాటిలో వారానికి ఒక్కసారైనా తెరవనిది తీసేయండి. ఇవన్నీ కలిపి ఏడాదికి 48. మీ లోటు 54. పూర్తిగా పూడకపోయినా, అంచుకి వచ్చేశారు.

ఇక కార్డు. నిజానికి ముందు దీని గురించే రాయాల్సింది. నెలకి 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటాం. వడ్డీ మీద వడ్డీ పడుతుంది కాబట్టి 42 దాటుతుంది. కట్టకుండా వదిలేస్తే 24 నెలల్లో బాకీ రెట్టింపు. మినిమం కడుతున్నాం కదా అంటారేమో. మీరు కట్టే 3లో 1.8 వడ్డీకే చెల్లు. ఇవాళ్టి నుంచి కార్డు మీద పైసా కూడా వాడకుండా, ప్రతి నెలా ఆ 5 శాతమే కడుతూ పోతే మీ 60 కాస్తా 30 కావడానికి 32 నెలలు పడుతుంది. సగం తీరడానికి రెండున్నరేళ్ల పైన! నేనూ ఒకప్పుడు ఇలాగే రెండేళ్లు మినిమం కట్టాను. నెలనెలా కడుతున్నాను కాబట్టి తీరుతోందనే అనుకున్నాను. ఒకరోజు పాత బిల్లులన్నీ నేల మీద పరిచి అసలు ఎంత తగ్గిందో చూసుకుంటే కళ్లు తిరిగాయి. అందుకే ఈ ఒక్క విషయంలో మీతో గట్టిగా చెబుతున్నాను: ఆ డిపాజిట్ తీయండి.

అత్యవసరానికని దాచారు కదా. 42 శాతం వడ్డీ కడుతున్న ఇంట్లో అత్యవసరం వచ్చేసినట్టే. డిపాజిట్ మీద మీకు ఏడాదికి 7 శాతం వస్తోందనుకున్నా, 50 మీద వచ్చేది మూడున్నర. అదే 50 కార్డు మీద ఉంటే నెలకి ఒకటిన్నర చొప్పున ఏడాదికి 18 పట్టుకుపోతుంది. కుడిచేత్తో మూడున్నర అందుకుంటూ ఎడమచేత్తో 18 ఇస్తున్నారు. 70లో 50 తీసి కార్డుకి కట్టేయండి. గడువుకు ముందు తీసినందుకు కొంత వడ్డీ కోస్తారు, కోయనివ్వండి. 20 అలాగే ఉంచండి, అర్ధరాత్రి ఎవరినైనా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఇక కార్డు మీద మిగిలేది 10. ఆ రోజే కార్డుని ఫోన్లోంచి, షాపింగ్ యాప్‌లలోంచి తీసేయండి. ఇది చేయకుండా డిపాజిట్ తీస్తే మాత్రం ఆరు నెలల్లో మళ్లీ మొదటికే వస్తారు, అప్పుడు డిపాజిట్ కూడా ఉండదు.

బండి గురించి. 7 నెలల తర్వాత మీ ఇంట్లో నెలకి 9 విడుదలవుతుంది. ఈ ఇంటిని గట్టెక్కించేది ఆ 9. కొత్త బండి వాయిదా దాని స్థానంలోకి వచ్చి కూర్చుంటే మళ్లీ ఐదేళ్లో ఏడేళ్లో ఇదే బతుకు. ఆయన ఆశ తప్పని అనను. రోజూ కష్టపడే మనిషికి ఒక మంచి వస్తువు కావాలనిపించదా? రెండేళ్లు ఆగమనండి. మొదటి నెలా రెండో నెలా ఆ 9 కార్డులో మిగిలినదానికి. తర్వాత నెలకి 5 డిపాజిట్‌లోకి, 4 ఏడాది ఖర్చుల కోసం తెరిచిన రెండో ఖాతాలోకి. అలా ఏడాది గడిస్తే డిపాజిట్ 20 నుంచి 80 అవుతుంది. అప్పుడు బండి మాట ఎత్తితే అది అప్పుతో కాకుండా సగమైనా సొంత డబ్బుతో కొనే బండి అవుతుంది.

ఇంటి లోను 33 చూసి గుండె బరువెక్కుతుందని తెలుసు. మూడేళ్లు కట్టాక కూడా ఆ 33లో దాదాపు 26 వడ్డీకే పోతోంది. ఇరవయ్యేళ్ల లోను తీరే పద్ధతే అంత, మొదటి ఏళ్లలో అసలు కదలదు. కార్డు తీరాక, చేతికి ఏదైనా బోనస్ వచ్చిన ఏడాది ఒక వాయిదా అదనంగా కట్టండి. ప్రతి ఏడాదీ అలా కట్టగలిగితే సుమారు రెండున్నరేళ్లు ముందే బయటపడతారు. ఇప్పుడు మాత్రం దాని గురించి ఆలోచించొద్దు.

బుర్ర పనిచేయడం లేదని రాశారు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 2013లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తమిళనాడులో చెరకు రైతులకి కోతకి ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు, ఆలోచనకి సంబంధించిన పరీక్షలు పెట్టారు. కోత అయ్యి డబ్బు వచ్చాక మళ్లీ పెట్టారు. అవే మనుషులు కోతకి ముందు వెనకబడ్డారు. మనుషులు మారలేదు, తెలివీ మారలేదు. డబ్బు గురించిన బెంగ తలలో చోటంతా ఆక్రమించుకుంది. మీకు జరుగుతున్నదీ అదే అయుండొచ్చు. కార్డు బాకీ 60 నుంచి 10కి దిగిన నెలలో మీరే తేడా గమనిస్తారు. గమనించకపోతే, నిద్ర కూడా పట్టకపోతుంటే, ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. ఇంట్లో అందరి మందులూ గుర్తుపెట్టుకునేవాళ్లు తమ ఆరోగ్యం మాత్రం వాయిదా వేస్తారు.

ఊళ్లు తిరిగొచ్చేవాళ్ల సంగతి అడిగారు. వాళ్ల ఫొటోలు మీకు కనిపిస్తాయి, వాళ్ల కార్డు బిల్లు కనిపించదు. కొందరికి పెద్దవాళ్లిచ్చిన ఇల్లు ఉంటుంది, 33 వాళ్లకి మిగులే. ఇంకొందరు మీలాగే మింగలేక కక్కలేక ఉండి ఉంటారు. వాళ్లతో పోల్చుకుని మీరు తెలుసుకోగలిగేది ఏమీ లేదు.

ఈ లెక్కంతా మీరొక్కరే మొయ్యకండి. జీతం వచ్చిన వారంలో, సెలవు రోజున, మీ వారూ మీరూ కూర్చోండి. 25వ తేదీన వద్దు, ఆ రోజుల్లో ఎవరికీ ఓపిక ఉండదు. మూడు నెలల బ్యాంకు కాగితాలు ముందు పెట్టుకుని, పెన్ను ఆయన చేతికి ఇవ్వండి. మీరు చదవండి, ఆయన్ని రాయమనండి. తన చేత్తో ఫీజులు 96 అని రాసిన మనిషి మళ్లీ "ఏం చేస్తున్నావు?" అని అడగలేడు. పెద్దవాణ్ని కూడా ఒక అరగంట కూర్చోబెట్టండి. పద్నాలుగేళ్లవాడికి అర్థమవుతుంది, పైగా ఇంట్లో ఏదో తేడాగా ఉందని వాడికి ఇప్పటికే తెలిసే ఉంటుంది. భయపెట్టకుండా, ఈ ఏడాది ఇలా నడుపుకుందామని చెప్పండి చాలు.

ఒక చిక్కు ముందే చెప్పాలి. ఈ పద్ధతికి మొదటి ఏడాదే కష్టం. ఫీజుకి నెలకి 8 చొప్పున దాచితే 12 నెలలకి 96 అవుతుంది, కానీ ఫీజు కట్టాల్సిన రోజు నాలుగు నెలల్లోనే ఉంటే అప్పటికి చేరేది 32. మీరు ఆ తేదీ రాయలేదు. అది దగ్గర్లో ఉంటే రేపే స్కూలుకి వెళ్లి మూడు నాలుగు వాయిదాల్లో కట్టనిస్తారేమో అడగండి. చాలా స్కూళ్లు ఒప్పుకుంటాయి, అడిగినవాళ్లకి మాత్రమే. ఒప్పుకోకపోతే ఆ తేదీ, వాళ్లన్న మాట నాకు రాయండి. ఆ నాలుగు నెలలు ఎలా దాటాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.